నాలుక తిమ్మిరెక్కని మాపో తోఫు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. చైనాలోని సిచువాన్ రాష్ట్ర రాజధాని చెంగ్దూలో ఆరేళ్లుండి ఎంబీబీఎస్ చదివారు. మొదటి ఏడాది అన్నం, ఊరగాయలతో నెట్టుకొచ్చినా, రెండో ఏడాదికల్లా హాస్టల్ వెనక సందులో అమ్మే నూడుల్స్ లేనిదే రోజు గడవని స్థితికి వచ్చారు. పెళ్లయి ఎడిసన్ వచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో పదిహేను చైనీస్ రెస్టారెంట్లు తిరిగినా ఆ రుచి తగల్లేదట. ఇంటి దగ్గర దొరికేది తియ్యటి సాసులో ముంచిన కోడి. 'సిచువాన్' అని బోర్డున్న చోట మాపో తోఫు, అంటే సోయా పన్నీరు కారం కూర, తెప్పిస్తే నాలుక మండింది గానీ తిమ్మిరెక్కలేదు. చైనీస్‌లో ఆర్డరు చెబితే వెయిటర్ ఇంగ్లీషులో "వెరీ స్పైసీ, ఓకే?" అని వెళ్లి, ఎండుమిర్చి కారం దండిగా దట్టించి తెచ్చాడు.

మొన్నొక శనివారం భర్తను వెంటబెట్టుకుని రెండు గంటలు ప్రయాణం చేసి న్యూయార్క్ వెళ్లారు. ఆయన గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టరు. కోడి, చేప, మేక తింటారు. ఐదు వంటకాలు చెప్పారు. తోఫులో గొడ్డుమాంసం కైమా వచ్చింది, చిక్కుడుకాయల్లో పంది కైమా వచ్చింది. ఆయన వట్టి అన్నం తిని లేచారు. బిల్లు 140 డాలర్లు. దారంతా మౌనం. ఇంటికొచ్చాక "నువ్వు చెప్పే చెంగ్దూ నీ బుర్రలోనే ఉంది" అన్నారట. వచ్చే నెల అత్తగారు వస్తున్నారు. ఆవిడ గుడ్డు కూడా తినని శాకాహారి. "అసలైన తిండి ఇక్కడ దొరుకుతుందా, నేనే ఊహించుకుంటున్నానా? ఆయన్ని మళ్లీ రమ్మని అడగనా, ఈ యావ మానుకోనా?" అని అడుగుతున్నారు.

ముందు ఆ బుర్ర సంగతి తేలుద్దాం. మీరు ఊహించుకోవడం లేదు. హువాజ్యావ్, అంటే నాలుకను తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియం, పడని మాపో తోఫు ఆవపిండి వెయ్యని ఆవకాయ లాంటిది. కారం ఉంటుంది, ఉప్పుంటుంది, నూనె తేలుతుంది, ఆవకాయ మాత్రం కాదు. మీ నాలుక సరిగ్గానే పట్టుకుంది. మంచి హువాజ్యావ్ పడితే అర నిమిషంలోపే పెదవులు జుమ్మంటాయి. జుమ్మనలేదంటే వెయ్యలేదన్నమాట, లేదా ఏడాది కిందట కొట్టిన పొడి వేశారన్నమాట. పాతబడిన పొడిలో తిమ్మిరి పోయి చేదు మిగులుతుంది.

ఇది అమెరికాలో కొరవడటానికి ఒక కారణం చట్టం. నిమ్మ, నారింజ తోటలకు సోకే కాంకర్ తెగులు దీంతోపాటు వస్తుందన్న భయంతో 1968 నుంచి దిగుమతిని నిషేధించారు. 2005లో, వేడిచేసిన సరుకే రావాలన్న షరతు మీద ఎత్తేశారు. నిషేధాన్ని మధ్యలో చాలా ఏళ్లు గట్టిగా అమలు చెయ్యని మాట నిజమే. అయినా 1970లలో మొదలైన 'షెచువాన్' హోటళ్లు చాలామటుకు అది లేకుండానే వంట కుదుర్చుకున్నాయి. (హువాజ్యావ్‌కు మన అడవుల్లో దగ్గరి చుట్టం ఉంది. కొంకణం వాళ్లు తిర్‌ఫల్ పేరుతో చేపల పులుసులో వేస్తారు. దాని శాస్త్రీయ నామంలోని 'రెట్సా' మన 'రచ్చ మాను' నుంచి వచ్చిందే. అత్తగారికి చెప్పడానికి పనికొస్తుంది.)

రెండో కారణం, ఎవరు ఎప్పుడు వలస వచ్చారన్నది. 1882 చట్టం చైనా కూలీల రాకను ఆపేసింది. అంతకుముందు వచ్చినవాళ్లలో ఎక్కువమంది గ్వాంగ్‌దొంగ్ రాష్ట్రంలోని తైషాన్ చుట్టుపక్కల వాళ్లు. 1965లో వలస చట్టం మారేదాకా న్యూయార్క్ చైనాటౌన్ వంట ప్రధానంగా వాళ్లదే. 1980, 90లలో ఫూచౌ వాళ్లు వచ్చి మన్‌హాటన్‌లో ఈస్ట్ బ్రాడ్వే మీద, తర్వాత బ్రూక్లిన్‌లో ఎయిత్ అవెన్యూ మీద స్థిరపడ్డారు. కాబట్టి 'చైనాటౌన్' అన్న పేరు చూసి అక్కడ చెంగ్దూ రుచి వెతకడం ఉడిపి హోటల్లో నాటుకోడి పులుసు అడగడమే. వాళ్ల వంట గొప్పదే. అది మీ వంట కాదు, అంతే.

మీ ఇంటి దగ్గరి తియ్యటి కోడి కథ ఇంకా విచిత్రం. మెనూలో జనరల్ త్సో చికెన్ అనే ఆ వంటకాన్ని తయారుచేసింది పెంగ్ చాంగ్‌క్వే అనే హునాన్ వంటవాడు, అదీ 1950లలో తైవాన్‌లో. అప్పుడది తీపి కాదు. 1970లలో న్యూయార్క్ చేరాక చక్కెర పడింది. దాన్ని వండేవాణ్ని తప్పుపట్టి లాభం లేదు, ఎదురుగా కూర్చునేవాళ్లు అడిగింది వండుతున్నాడు. మీరు తెలుసుకోవాల్సింది కూడా అదే: ఆ హోటల్లో కూర్చునేవాళ్లు ఎవరు?

అది బోర్డు దగ్గరే సగం తెలుస్తుంది. ఇంగ్లీషులో 'షెజ్వాన్' అని ఉంటే అది ఇండో చైనీస్. ఎడిసన్‌లో అలాంటివి బోలెడు. వెల్లుల్లి, ఎండుమిర్చి ముద్ద తప్ప అందులో హువాజ్యావ్ దాదాపు ఉండదు. 'షెచువాన్' పాత వర్ణక్రమం, పైన చెప్పిన 1970ల బాపతు కావడానికి అవకాశమెక్కువ. 'సిచువాన్' అని ఉంటే కొత్తగా వచ్చినవాళ్లది కావచ్చు, కానీ అదొక్కటీ చాలదు. మీకు చైనీస్ చదవడం వచ్చు కాబట్టి ఇంగ్లీషు పేరు వదిలేసి చైనీస్ పేరు చూడండి. చాలాచోట్ల రెండింటికీ పొంతన ఉండదు. మూడు నిలువు గీతల 'చ్వాన్' అక్షరం గానీ, 'శు' గానీ ఉంటే సిచువాన్, 'యూ' ఉంటే పక్కనున్న చోంగ్‌చింగ్ నగరం, 'శ్యాంగ్' ఉంటే హునాన్. హునాన్‌లో కారం దంచేస్తారు గానీ తిమ్మిరి ఉండదు. మీరు తిరిగిన పదిహేనింటిలో ఒకటో రెండో ఆ రకం అయ్యుంటాయి.

తర్వాత మెనూ. చల్లటి వంటకాలకు విడిగా ఒక పేజీ ఉందా? అందులో కౌష్వే జీ (కారం నూనెలో చల్లటి కోడి), ల్యాంగ్‌ఫెన్ (చల్లటి పిండి జెల్లీ), వేడివాటిలో మావ్‌షుఎవాంగ్, మావ్‌చై లాంటివి ఉన్నాయా? ఉంటే వంటగదిలో ఆ ప్రాంతం మనిషి ఉన్నట్టే లెక్క. జపాను సుషీ, థాయ్‌లాండ్ పాడ్ థాయ్, అమెరికన్ చైనీస్ లో మెయిన్ మూడూ ఒకే మెనూలో కలగలిసి ఉంటే లేచి రండి. జనరల్ త్సో ఒక్కటి చివరి పేజీలో కనబడినంత మాత్రాన కొట్టిపారెయ్యకండి. అద్దె కట్టుకోవడానికి మంచి హోటళ్లు కూడా ఆ పేజీ ఉంచుకుంటాయి.

సమీక్షలు చూసేటప్పుడు నక్షత్రాల సంఖ్య కన్నా తేదీ చూడండి. ఈ హోటళ్లలో వంటవాళ్లు తరచూ మారతారు. వంటవాడు మారితే బోర్డు అదే ఉంటుంది, రుచి పోతుంది. గత మూడు నెలల్లో చైనీస్‌లో రాసినవి చదవండి. అందుకు షావ్‌హొంగ్‌షూ యాప్ బాగా పనికొస్తుంది. 'చైనీస్ రెస్టారెంట్' అని వెతక్కండి, వంటకం పేరుతో వెతకండి. ఇక్కడ మీరొక పని చెయ్యాలి. చెంగ్దూలో మీరు నిజంగా వారం వారం తిన్నవి ఏమిటి? హాస్టల్ సందులో తిన్న ఆ గిన్నె పేరేమిటి? దాన్‌దాన్ మియెనా, థ్యెన్‌ష్వే మియెనా, షావ్‌మియెనా? మూడు పేర్లు కాగితం మీద రాసుకోండి. 'ఆ రుచి కావాలి' అని అడిగితే ఎవరూ చూపించలేరు. థ్యెన్‌ష్వే మియెన్ అంటే మాత్రం, లావుపాటి నూడుల్స్ మీద తియ్యకారం సాసు వేసి ఇచ్చే చోట్లు కొన్నే ఉంటాయి, యాప్‌లో దొరికిపోతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, రెండు గంటల దూరం ముందు వద్దు. మీకు దగ్గర్లోనే న్యూ బ్రన్స్‌విక్, పిస్కాటవేలలో రట్గర్స్ విశ్వవిద్యాలయం ఉంది. చైనా నుంచి వచ్చి చదివే పిల్లలు వేలల్లో ఉన్నచోట వాళ్ల తిండి లేకుండా పోదు. విద్యార్థులు తినే చోట గది చిన్నది, మెనూ పొట్టిది, రుచి మొహమాటం లేనిది. అక్కడ కుదరకపోతే మన్‌హాటన్‌లో ఈస్ట్ విలేజ్. న్యూయార్క్ విశ్వవిద్యాలయం పిల్లల పుణ్యమా అని సెయింట్ మార్క్స్ ప్లేస్ చుట్టూ ప్రాంతీయ నూడుల్ దుకాణాలు చేరాయి. ధర కాస్త ఎక్కువ, ప్రయాణం తక్కువ.

ఫ్లషింగ్ సంగతి వేరు. 1970లలో అక్కడ చేరింది తైవాన్ నుంచి వచ్చిన మాండరిన్ మాట్లాడేవాళ్లు. తర్వాత చైనా ఈశాన్యం, వాయవ్యం, సిచువాన్ మనుషులు వచ్చి కలిశారు. అందుకే అంతటి వైవిధ్యం ఇంకెక్కడా కనబడదు. ఎడిసన్‌లో నార్త్‌ఈస్ట్ కారిడార్ రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగండి. అక్కడే లాంగ్ ఐలాండ్ రైల్ రోడ్ వాళ్ల పోర్ట్ వాషింగ్టన్ రైలు ఎక్కితే ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్ అరగంటలోపే వస్తుంది. టైమ్స్ స్క్వేర్ వెళ్లి 7 నంబరు సబ్‌వే పట్టుకుంటే టికెట్ చవక, సమయం దాదాపు రెట్టింపు. కారు వద్దే వద్దు. మెయిన్ స్ట్రీట్ దగ్గర శనివారం పార్కింగ్ వెతుక్కోవడంలోనే ఆకలి చచ్చిపోతుంది. రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద న్యూ వరల్డ్ మాల్ కింది అంతస్తులో ఫుడ్ కోర్టు ఉంది. ఒక్కో కొట్టుదీ ఒక్కో ఊరు. ఇద్దరి తిండి వేరైనప్పుడు ఇంతకన్నా సుఖం లేదు. ఎవరి ట్రే వాళ్లు తెచ్చుకుని ఒకే బల్ల మీద తినొచ్చు. కొన్ని కొట్లు నగదే తీసుకుంటాయి, చిల్లర పెట్టుకెళ్లండి.

ఇక ఆర్డరు. మనవాళ్ల మొహం చూసి 'స్పైసీ' అన్న మాట వింటే వంటగది కారంపొడి పెంచుతుంది, హువాజ్యావ్ పెంచదు. 'లా' (కారం) వేరు, 'మా' (తిమ్మిరి) వేరు అని మీకు చెప్పక్కర్లేదు, వాళ్లకు మీరు చెప్పాలి. "మా దో ఈదియెన్" అనండి, తిమ్మిరి ఇంకొంచెం అని. ఇంగ్లీషు మెనూ చేతిలో పెడితే చైనీస్ మెనూ అడగండి. వెయిటర్ ఏదైనా చెప్పినప్పుడు చెంగ్దూ వాళ్లలా "యావ్దే" (సరే) అన్నారంటే, అతను సిచువాన్ మనిషైతే మీ గిన్నె మారిపోతుంది. ఫూచౌ అబ్బాయైతే అర్థం కాక నవ్వుతాడు, నష్టం లేదు.

మొదటిసారి వెళ్లిన చోట ఐదు చెప్పొద్దు, 140 డాలర్లు అలాగే పోయాయి. ఇద్దరికి మూడు చాలు, అవీ పరీక్షకు పనికొచ్చేవి. స్వాన్‌లా తూదౌ స్స్, అంటే పుల్లకారం ఆలూ తురుము, అన్నిటికన్నా చవక. ముక్క కరకరలాడాలి, వెనిగర్ వాసన పొగలో కలిసి రావాలి. మెత్తబడి నీరు కారిందంటే వంటవాడికి పెద్దమంట మీద పట్టు లేదు, మిగతావి తెప్పించకండి. యూశ్యాంగ్ వంకాయ: పేరుకు చేప పరిమళం, చేప ఉండదు. మూడోది మాపో తోఫు.

సరిగ్గా ఈ మూడోదాని దగ్గరే మీ శనివారం చెడింది. మాపో తోఫులో గొడ్డుమాంసం కైమా పడటం ఆ వంటకం ఆనవాయితీ, హోటల్ తప్పు కాదు. అమెరికాలో కొందరు పంది వేస్తారు. వేపుడు చిక్కుడుకాయల్లో, దాన్‌దాన్ మియెన్‌లో పంది కైమా మామూలు. వంకాయలో కూడా చాలాచోట్ల వేస్తారు. మెనూలో 'కూరగాయలు' అన్న శీర్షిక కింద ఉన్నంతమాత్రాన మాంసం లేదని కాదు, ముఖ్య పదార్థం కూరగాయ అని మాత్రమే. ప్రతి వంటకానికీ "బు యావ్ రౌమో" (కైమా వద్దు) అని విడివిడిగా చెప్పాలి. బల్ల మొత్తానికి ఒకసారి చెబితే ఒకదానికే రాసుకుంటారు. చోంగ్‌చింగ్ షావ్‌మియెన్ గిన్నె అడుగున ఒక చెంచా పందికొవ్వు ఉంటుంది, అది కంటికి కనబడదు. "బు యావ్ జూయౌ" (పందికొవ్వు వద్దు) అనాలి. హాట్‌పాట్‌లో, అంటే బల్ల మీద మరిగే పులుసులో ముంచి ఉడికించుకు తినేదాంట్లో, చోంగ్‌చింగ్ ఎర్ర పులుసు ఆవు కొవ్వుతో గడ్డకట్టించినది. ఆయన ముందు ఆ కుండ పెట్టి ఉంటే రగడ ఇంకా పెద్దదయ్యేది. 'చింగ్‌యౌ' అంటే గింజల నూనెతో చేసింది ఉందా అని అడగండి. ఉన్నా, ఆ నూనె మార్పు పులుసుకే తప్ప కింద పోసే స్టాక్‌కు కాదని గుర్తుంచుకోండి. అదేమిటో కూడా అడగాలి.

ఇవన్నీ మీకు ఎందుకు తట్టలేదంటే, ఆరేళ్లు మీరు ఒక్కరే తిన్నారు. ఇంకొకరి కంచం కోసం ఆ మెనూ చదవాల్సిన అవసరం రాలేదు. ఆయన కోపంలో కొంత న్యాయం ఉంది. అడగకుండా కంచంలో పడ్డదానికి ఆయన బాధపడ్డారు. ఆయన మాటలో మాత్రం న్యాయం లేదు. ఆ రెండూ విడివిడిగా చెప్పుకోండి. "అందులో ఏముంటుందో నేను ముందే అడిగి ఉండాల్సింది" అని మీరంటే, ఆరేళ్ల మీ జీవితాన్ని ఊహ అన్నందుకు ఆయన కూడా ఒక మాట అనడానికి దారి దొరుకుతుంది.

ఆయన్ని మళ్లీ రమ్మనాలా అన్నదానికి నాకు మూడు దార్లు కనబడుతున్నాయి. మొదటిది, మీరొక్కరే వెళ్లడం. వారం మధ్యలో మధ్యాహ్నం, నూడుల్ దుకాణానికి. ఒక్కరికి ఒక గిన్నె సరిపోతుంది, రద్దీ ఉండదు, ఎవరి మొహం చూస్తూ తినక్కర్లేదు. రుచి విషయంలో ఇదే అన్నిటికన్నా ఖాయమైన దారి. కానీ అది మీ ఒక్కరి లోకంగా మిగిలిపోతుంది. కొన్ని ఇళ్లలో అది హాయి, కొన్ని ఇళ్లలో దూరం. మీ ఇంట్లో ఏదో మీకే తెలియాలి.

రెండోది, ఆయనకు నప్పే చైనాతో మొదలుపెట్టడం. వాయవ్య చైనా వంటలో జీలకర్ర, ఎండుమిర్చి, గొర్రెమాంసం ప్రధానం. మన నాలుకకు పరిచయం అక్కర్లేని రుచి. షియాన్ ఫేమస్ ఫుడ్స్ 2005లో ఫ్లషింగ్‌లో ఒక మాల్ నేలమాళిగలో చిన్న కొట్టుగా మొదలై ఇప్పుడు నగరంలో చాలాచోట్ల ఉంది. అక్కడి జీలకర్ర గొర్రెమాంసం నూడుల్స్ చేత్తో లాగినవి. అక్కడ పంది వంటకాలూ ఉంటాయి. అదీ కుదరదంటే 'చింగ్‌జెన్' అని రాసి ఉన్న హోటళ్లు, అంటే హలాల్ వంట చేసేవి, చూడండి. పంది అసలు ఉండదు, గొడ్డుమాంసం మాత్రం ఉంటుంది. ఇందులో మీకు తిమ్మిరి దొరకదు, మీ చెంగ్దూ కాదు. కానీ 'ఆవిడ తీసుకెళ్తే తినగలను' అన్న నమ్మకం ఆయనకు తిరిగొస్తుంది. దాని మీద మూడో ప్రయాణానికి మాపో తోఫు పెట్టొచ్చు. మూడోది హాట్‌పాట్, కానీ మనిషికో చిన్న కుండ ఇచ్చే చోట మాత్రమే. ఖర్చు తల ఒక్కింటికి లెక్కేస్తారు కాబట్టి తక్కువ తినేవాళ్లకు గిట్టదు. గరిటెలు కలిసిపోకుండా చూసుకోవాలి.

నన్నడిగితే మొదటిదీ రెండోదీ రెండూ చెయ్యొచ్చు. మూడోదాని తొందర లేదు.

అత్తగారిని మాత్రం సిచువాన్ హోటల్‌కు తీసుకెళ్లొద్దు. మాంసం వద్దంటే కైమా తీసేస్తారు. అదే మూకుడు, అదే గరిటె, పైన చిటికెడు జీజింగ్, అంటే కోడి పొడి. చాలా వంటగదుల్లో అది ఉప్పులా చేతివాటంగా పడుతుంది. బౌద్ధ శాకాహార భోజనశాలలు మన్‌హాటన్ చైనాటౌన్‌లో ఉన్నాయి, అక్కడ మాంసం, చేప ఉండవు. కాకపోతే సోయాతో బాతు, రొయ్య ఆకారాలు చేసి పెడతారు. చూడగానే ఆవిడ చెయ్యి వెనక్కు తీసుకోవచ్చు. ఆవిడ కోసం ఇంట్లో వండండి.

మీ ఎడిసన్‌లోనే ఉన్న 99 ర్యాంచ్ లాంటి దుకాణానికి వెళ్లి పీషియెన్ దౌబాన్‌జ్యాంగ్, అంటే పులియబెట్టిన చిక్కుడు గింజల కారం ముద్ద, తీసుకోండి. ముదురు గోధుమ ఎరుపులో ఉండాలి. నిగనిగలాడే ఎరుపు సీసా కాంటన్ పద్ధతిది, తీపి తగులుతుంది. అందులో ప్రధానంగా ఉండేవి బాకలా (ఫావా) చిక్కుడు గింజలు, మిర్చి, ఉప్పు, గోధుమపిండి. అయినా లేబుల్ చదవండి. ఆయిస్టర్ సాసు జోలికి పోకండి. హువాజ్యావ్ కొనేటప్పుడు పొట్టు విచ్చుకుని ఎర్రగా, నల్ల గింజలు తక్కువగా ఉన్నది చూడండి. గింజలు ఇసుకలా పంటికి తగులుతాయి, ఏరెయ్యాలి. పొట్టును చిన్నమంట మీద వేయించి ఆ పూటకు కావలసినంతే దంచుకోండి.

నలుగురికి మెత్తటి తోఫు 400 గ్రాములు. వేలి వెడల్పు ముక్కలు కోసి, ఉప్పేసిన వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే పచ్చివాసన పోతుంది, ముక్క విరగదు. నానబెట్టిన ఎండు షిటాకే పుట్టగొడుగులు నాలుగు సన్నగా తరగండి, కైమా బదులు అవే. మూడు పెద్ద చెంచాల నూనెలో పుట్టగొడుగులు వేయించి, మంట తగ్గించి, రెండు పెద్ద చెంచాల దౌబాన్‌జ్యాంగ్ వెయ్యండి. నూనె ఎర్రగా తేలేదాకా, రెండు నిమిషాలు. తొందరపడి మంట పెంచితే మాడి చేదెక్కుతుంది, ఆ చేదును తర్వాత ఏదీ మాన్పలేదు. అల్లం, వెల్లుల్లి, ఒక చెంచా దౌషి, అంటే పులియబెట్టిన నల్ల సోయా గింజలు, తర్వాత పుట్టగొడుగులు నానిన నీళ్లు ఒక గ్లాసు. ఉప్పు వెయ్యకండి, దౌబాన్‌జ్యాంగ్‌లోనే కావలసినదానికన్నా ఎక్కువ ఉంది. తోఫు జార్చి, గరిటె వెనకవైపుతో నెట్టండి, కలపొద్దు. చెంచాడు కార్న్‌ఫ్లోర్ మూడు చెంచాల నీళ్లలో కలిపి మూడు విడతలుగా పొయ్యండి. ఒకేసారి పోస్తే ఒకచోట గంజి, ఒకచోట నీళ్లు.

దించాక హువాజ్యావ్ పొడి మీ గిన్నెలో చల్లుకోండి, అత్తగారికి పక్కన చిన్న గిన్నెలో పెట్టండి. తినబోయే ముందే చెప్పండి, నాలుక తిమ్మిరెక్కుతుంది, పావుగంటలో పోతుంది అని. చెప్పకపోతే పక్షవాతమేమోనని హడలిపోయే వయసు ఆవిడది, పైగా ఇంట్లో డాక్టరు కోడలు.